కొత్త లాప్‌టాప్ కొనే ముందు పాతదానికి గాలి ఆడనియ్యుండ్రి

మన వాడల్లో ఇప్పుడు రెండు మూడు ఇండ్లకు ఒక లాప్‌టాప్ కనబడుతున్నది. ఎక్కువ మటుకు సెకండ్ హ్యాండ్‌వే. అన్న చదువుకు కొన్నది తమ్మునికి వస్తది, తమ్మునిది చెల్లెకు వస్తది. పగలు దాని మీదనే కాలేజీ పని, ఉద్యోగాల అప్లికేషన్లు. రాత్రి దాని మీదనే గేమ్. గేమ్ పెట్టిన కొద్దిసేపటికే బొమ్మ ఆగి ఆగి నడుస్తది, ఫ్యాన్ గుయ్యిమంటది. పిల్లలు తల పట్టుకుంటరు. "నాయనా, ఇది ఇంక పనికి రాదు, గేమింగ్ లాప్‌టాప్ కొనియ్యి" అని మొదలుపెడతరు.

కొత్త గేమింగ్ లాప్‌టాప్ అంటే 60,000 రూపాయలకు అటూ ఇటూ అనుకోండి. 24 నెలల కిస్తీ పెట్టుకున్నా అసలే నెలకు 2,500 అయితది, వడ్డీ వేరే. మన ఇండ్లల్లో 2,500 అంటే నెల బియ్యం, నూనె. రిటైరైన నా తోటివాళ్లలో పీఎఫ్ డబ్బులు తీసి ఇచ్చినోళ్లు కూడా ఉన్నరు. అందుకని ఈ నెల నేను చెప్పేది ఒక్కటే మాట. కొనే ముందు ఉన్నదాన్ని సరిచేసి చూడుండ్రి. చాలా లాప్‌టాప్‌లకు ఉన్న రోగం ముసలితనం కాదు, గాలి ఆడకపోవుడు.

నేను చదివింది నాలుగో తరగతి. కాని స్పిన్నింగ్ ఖాతాలో ముప్పై ఏండ్లకు పైన రింగ్ ఫ్రేమ్ నడిపిన. మిషన్ చిన్నదైనా పెద్దదైనా మిషనే. కంప్యూటర్ సంగతులు మా చెల్లె మనుమడు, ఇక్కడ బీదర్‌లో రిపేర్ పని చేసే ఒక పిల్లగాడు కూసోబెట్టి చూపించిన్రు. దగ్గరుండి చేయించి చూసినంకనే రాస్తున్న.

ఫ్రేమ్ అంటే ఏంది

మనకు ఫ్రేమ్ అంటే రింగ్ ఫ్రేమే. గేమ్‌లో ఫ్రేమ్ అంటే ఒక్క బొమ్మ. సినిమా రీలు సెకనుకు 24 బొమ్మలు పోతది, అందుకే తెర మీద మనిషి నడిచినట్టు కనబడతడు. సినిమాకు ఆ బొమ్మలు ముందే తీసి పెట్టినవి. గేమ్‌లో అట్లా కాదు. పిల్లగాడు బటన్ ఒత్తిన కొద్దీ లాప్‌టాప్ అప్పటికప్పుడు బొమ్మ గీయాలె. సెకనును వెయ్యి ముక్కలు చేస్తే, సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కో బొమ్మకు దొరికేది 16 ముక్కల చిల్లర. 30 బొమ్మలైతే 33 ముక్కలు. ఆ టైములో గీయలేకపోతే ఆట కుదుపు కొడతది. దీన్నే పిల్లలు "ఎఫ్‌పీఎస్ పడిపోయింది" అంటరు.

ఈ లెక్క కండ్లతోని చూడొచ్చు. విండోస్ గుర్తు ఉన్న బటన్, జీ బటన్ కలిపి ఒత్తితే గేమ్ బార్ వస్తది. అందులో పర్ఫార్మెన్స్ అనే డబ్బాలో ఎఫ్‌పీఎస్ అంకె ఉంటది. మొదటిసారి పర్మిషన్ అడుగుతది, ఇచ్చి లాప్‌టాప్ బంద్ చేసి మళ్లీ చాలు చెయ్యాలె. ఏ పని చేసినా ముందు ఎంత, తర్వాత ఎంత అని కాగితం మీద రాసుకోండి. మిల్లులో ప్రొడక్షన్ లెక్క రాయకుండ మిషన్ బాగుపడిందా లేదా ఎవరు చెప్తరు?

ముందు రోగం కనుక్కోవాలె

మూడు రకాలు ఉంటయి. గేమ్ మొదట బాగా నడిచి, పది పదిహేను నిమిషాలకు మెల్లగైతే అది వేడి. మొదటి నిమిషం నుంచే కుదుపు ఉంటే మెమరీ చాలకనో, సెట్టింగ్ ఎక్కువ పెట్టుకొనో. బొమ్మ సాఫుగా ఉండి, ఆన్‌లైన్ ఆటలో కాల్చిన గుండు ఆలస్యంగా తగులుతుంటే అది నెట్టు సంగతి. దానికి లాప్‌టాప్ ఏం చేస్తది? కొత్తది కొన్నా అట్లనే ఉంటది. నెట్టు రోగానికి లాప్‌టాప్ కొనొద్దు.

వేడి, దుమ్ము

దూది నూగు మోటరు మీద పేరుకుంటే మోటరు కాలుతదని మనోళ్లకు చెప్పనక్కర లేదు. అందుకే గాలి పైపు పెట్టి మిషన్లు సాఫ్ చేసేది. లాప్‌టాప్ లోపల కూడా అదే కథ. ప్రాసెసర్ అనే చిప్పు వేడెక్కితే ఆ వేడిని ఒక రాగి గొట్టం గుంజుకొని సన్న సన్న రేకుల దగ్గరికి తెస్తది. చిన్న ఫ్యాన్ ఆ రేకుల సందుల గాలి కొట్టి వేడిని బయటికి తోలుతది. ఆ సందులు మూసుకపోతే వేడి లోపలే తిరుగుతది. 95, 100 డిగ్రీల దగ్గరికి రాంగనే చిప్పు కాలిపోకుండ తన స్పీడు తానే తగ్గించుకుంటది. అది చెడిపోయినట్టు కాదు, ప్రాణం కాపాడుకుంటున్నట్టు.

మన బీదర్ ఎత్తు గడ్డ, ఎర్రమట్టి నేల. ఎండాకాలం గాలి లేస్తే ఎర్ర దుమ్ము ఇంట్ల గిన్నెల మీద కూడా పొర కడతది. దానికి తోడు మిల్లు బట్టలతోని ఇంటికొచ్చే నూగు. రెండూ కలిసి ఫ్యాన్ దగ్గర కంబళి ముక్క లెక్క అయితయి. మా చెల్లె మనుమని లాప్‌టాప్ విప్పితే, ఆ రిపేర్ పిల్లగాడు చిమటాతోని తీసిన పొర అచ్చం కార్డింగ్ మిషన్ కింద పడ్డ చెత్త లెక్కనే ఉన్నది. అంతకు ముందు పది నిమిషాలకు 20కి పడిపోయే ఆట, ఆ దినం గంట ఆడినా 35కు తక్కువ రాలే. కొత్త సామాను ఏదీ వెయ్యలే. దుమ్ము తీసిండు, చిప్పు మీద పేస్టు మార్చిండు, అంతే.

మీరు చెయ్యాల్సినవి ఇవి. లాప్‌టాప్‌ను పరుపు మీద, బొంత మీద, ఒడిలో పెట్టొద్దు. చాలా లాప్‌టాప్‌లు కింద నుంచే గాలి తీసుకుంటయి, బొంత దాని ముక్కు మూసినట్టే. గట్టి బల్ల మీద పెట్టి, వెనక దిక్కు రెండు కట్టె ముక్కలో సీసా మూతలో పెట్టి కొంచెం లేపుండ్రి. గాలి పోయే సందులు మాత్రం మూయొద్దు. ఖర్చు లేని ఈ ఒక్క పనితోనే తేడా కనబడుతది. రేకుల ఇల్లయితే మే నెల మధ్యాహ్నం గేమ్ వద్దు. బయటి గాలే 40 డిగ్రీలు ఉంటే అది లోపలి వేడిని ఏం చల్లబరుస్తది? పొద్దుగాలనో రాత్రో ఆడుకోమనండి.

సాఫ్ చెయ్యాలంటే లాప్‌టాప్ పూర్తిగా బంద్ చేసి, చార్జర్ తీసి, చల్లారనియ్యాలె. నోటితోని ఊదొద్దు, తడి పోతది. చిన్న బ్లోయర్‌తోని దూరం నుంచి కొట్టాలె. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను సన్న పుల్లతోని ఆపి పట్టుకోవాలె, లేకపోతే అది అడ్డగోలు స్పీడుతోని తిరిగి బేరింగ్ పోతది. వెనక మూత విప్పుడు, పేస్టు మార్చుడు తెలిసినోళ్లతోని చేయించండి. చిప్పుకు రాగికి నడుమ వేసే ఆ పేస్టు ఏండ్లు గడిస్తే ఎండిపోతది. షాపుకు పోతే కూలి ఎంతో ముందే అడగండి, ముందర కూసోని చేయించుకోండి.

ఒక జాగ్రత్త. లాప్‌టాప్ అడుగు ఉబ్బినట్టు, బల్ల మీద సమంగా కూసోనట్టు, వేలు జరిపే పలక పైకి లేచినట్టు ఉంటే బ్యాటరీ ఉబ్బింది. వెంటనే బంద్ చేసి చార్జర్ తీసెయ్యండి. దాన్ని ఒత్తొద్దు, పొడవొద్దు, అంటుకుంటది. గేమ్ సంగతి తర్వాత, ముందు బ్యాటరీ తీయించండి.

పైసా ఖర్చు లేని పనులు

గేమ్ ఆడేటప్పుడు చార్జర్ పెట్టే ఉంచాలె. బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు స్పీడు తగ్గించుకుంటయి. చార్జర్ కూడా దాని వాట్ల లెక్కకు సరిపోయేది కావాలె. 65 వాట్ల మిషన్‌కు 45 వాట్లది పెడితే దమ్ము చాలదు. సెట్టింగ్స్‌లో పవర్ దగ్గర బెస్ట్ పర్ఫార్మెన్స్ అని పెట్టండి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు బటన్లు కలిపి ఒత్తితే టాస్క్ మేనేజర్ వస్తది. ఎవరు ఎంత మెమరీ తింటున్నరో అందులో కనబడుతది. గేమ్ పెట్టే ముందు బ్రౌజర్ బంద్ చెయ్యాలె. స్టార్టప్ అనే పేజీలో, లాప్‌టాప్ చాలు కాంగనే ఎగబడి లేచే పనికిరాని వాటిని డిసేబుల్ చెయ్యాలె. యాంటీవైరస్‌ను మాత్రం ముట్టొద్దు.

కొన్ని లాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్పులు ఉంటయి. ఒకటి ప్రాసెసర్ లోపలిది, ఇంకొకటి ఎన్‌విడియాదో ఏఎమ్‌డీదో బలమైనది. గేమ్ ఒక్కోసారి బలహీనమైనదాని మీద నడుస్తుంటది, బలమైనది ఖాళీగా కూసుంటది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్ తెరిచి, ఆ గేమ్ పేరు పెట్టి హై పర్ఫార్మెన్స్ అని ఎంచుకోండి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను చిప్పు కంపెనీదో లాప్‌టాప్ కంపెనీదో సొంత సైటు నుంచే తెచ్చుకోండి.

గేమ్ లోపలి సెట్టింగ్

అన్నిటికన్న ఎక్కువ తేడా ఇక్కడనే. తెర మీద బొమ్మ చుక్కలతోని తయారైతది. 1920 అడ్డం, 1080 నిలువు అంటే ఒక్క బొమ్మకు 20,73,600 చుక్కలు. 1280, 720 పెడితే 9,21,600. అంటే పని సగానికన్న తక్కువకు దిగింది. బొమ్మ కొంచెం మసకగా ఉంటది, కాని ఆట నడుస్తది. తర్వాత షాడోస్, అంటే నీడలు, తక్కువ పెట్టండి లేదా తీసెయ్యండి. ఆ తర్వాత రిఫ్లెక్షన్లు, యాంటీ అలయాసింగ్. మైన్‌క్రాఫ్ట్ లాంటి దాంట్లో రెండర్ డిస్టెన్స్ తగ్గించాలె, దూరంలో ఉన్నదంతా గీసే పని తప్పుతది.

ఇంకొకటి మనోళ్లకు తొందరగా అర్థమయ్యే మాట. స్పిండిల్ స్పీడు పెంచుకుంట పోతే దారం తెగుడు ఎక్కువైతది, అతుకు పెట్టుడుకే షిఫ్టు సరిపోతది. కొంచెం తక్కువ స్పీడు మీద తెగకుండ నడిచిందే ఎక్కువ నూలు ఇస్తది. గేమ్ కూడా అంతే. ఒకసారి 60, ఒకసారి 20 కొట్టేదానికన్న, ఫ్రేమ్ లిమిట్ 30 అని కట్టేస్తే ఆట సాఫుగా ఉంటది, వేడి కూడా తగ్గుతది.

మిషన్‌కు తగ్గ ఆట ఎంచుకోవాలె. 2004లో వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్‌కు, పీసీకి 2015లో వచ్చిన జీటీఏ ఫైవ్‌కు భారం ఒక్కటి కాదు. ఇక ఫోన్ గేమ్‌ను బ్లూస్టాక్స్ లాంటి ఎమ్యులేటర్ పెట్టి లాప్‌టాప్ మీద ఆడుడు అంటే, మిషన్ లోపల ఇంకో మిషన్ నడిపినట్టు. పాత లాప్‌టాప్ దానికి ఓర్వదు. ఆ గేమ్ ఫోన్ మీదనే ఆడుకోవాలె.

పైసలు పెట్టాల్సి వస్తే

మొదటిది రామ్. 4 జీబీ ఉంటే 8 జీబీ చేయించండి. గ్రాఫిక్స్ చిప్పు వేరే లేని లాప్‌టాప్‌లో బొమ్మ గీసే పని కూడా ఈ రామ్‌నే వాడుకుంటది. అందుకని 8 జీబీ ఒక్క ముక్క కన్న 4, 4 రెండు ముక్కలుంటే ఎక్కువ పని అయితది, ఒంటి చేతి పనికి రెండు చేతులు దొరికినట్టు. డీడీఆర్ 3 ఉన్న చోట డీడీఆర్ 4 పట్టదు. కొన్ని పలుచని లాప్‌టాప్‌లకు రామ్ వేసే జాగనే ఉండదు. ముందే విప్పి చూపించుకోండి.

రెండోది ఎస్‌ఎస్‌డీ. పాత హార్డ్ డిస్క్ తీసి ఇది వేస్తే లాప్‌టాప్ తొందరగా చాలైతది, గేమ్ తొందరగా తెరుచుకుంటది, మధ్యలో లోడింగ్ కుదుపులు తగ్గుతయి. ఎఫ్‌పీఎస్ అంకె మాత్రం పెద్దగా పెరగదు. చదువుకు, పనికి కూడా పనికొస్తది కాబట్టి పైసలు వృథా కావు. గ్రాఫిక్స్ చిప్పు మారుస్తమని ఎవరన్న అంటే నమ్మొద్దు, చాలా లాప్‌టాప్‌లలో అది బోర్డుకు అతికే ఉంటది.

ఇక్కడ దొరకకపోతే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉన్నది, అందరూ సీటీసీ అంటరు. అంతా కంప్యూటర్ దుకాణాలే. హైదరాబాద్ పని మీద పోయినప్పుడు పాత రామ్ ముక్కను జేబులో పెట్టుకొని పోండి. రెండు మూడు షాపుల్లో ధర అడిగి, గ్యారంటీ రాసిన బిల్లు తీసుకోండి.

చెయ్యకూడనివి

గేమ్ బూస్టర్, రామ్ పెంచే సాఫ్ట్‌వేర్ అని వచ్చేవాటిని ఎక్కించొద్దు. రామ్ అనేది సామాను, డౌన్‌లోడ్ అయ్యేది కాదు. దొంగ గేమ్‌లు వద్దు. వాటి వెంట వచ్చే వైరస్ చాటుగా ప్రాసెసర్‌ను వాడుకుంటది, ఇంట్లోళ్ల బ్యాంకు పాస్‌వర్డులూ కొట్టుకపోతది. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 14 అక్టోబర్ 2025తోని ఆగిపోయినయి కాబట్టి పాత మిషన్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

తల్లిదండ్రులకు నా మాట. పిల్లగాడు అడగంగనే తిట్టొద్దు, అడగంగనే కిస్తీ మీద సంతకమూ పెట్టొద్దు. ఒక ఆదివారం వానితోని కూసోండి. ముందు దుమ్ము, తర్వాత సెట్టింగ్, తర్వాత రామ్, ఇదే వరుస. ఒక్కోదానికి ఎఫ్‌పీఎస్ ఎంత పెరిగిందో వానితోనే రాయించండి. ఇవన్నీ అయినంక కూడా చదువు పనికే మిషన్ ఓర్వకపోతే అప్పుడు కొత్తదాని గురించి ఇంట్ల అందరు కూసోని మాట్లాడుకోవచ్చు. అప్పటికి ఏం కొనాలె, ఎందుకు కొనాలె అన్నది పిల్లగానికే తెలిసి ఉంటది.