చైనుకు కాలిన ఆయిల్ పోస్తున్నరా?

ఊర్లల్ల బండి చైను కిర్రుమంటె ఇంజన్‌ల నుంచి తీసిన నల్ల ఆయిలే పోస్తరు, పైస ఖర్చు లేదని. గని అండ్ల మసి, ఇనుప పొడి ఉంటది. పొలంబాట దుబ్బ తోడైతె ఆకురాయి లెక్క చైనును, స్ప్రాకెట్‌ను అరగదీస్తది. కూలికి పోయేటోనికి చైన్‌సెట్టు పైసలు తక్కువనా?

గ్రీజు పిన్నుల దాక దిగదు, మీదనే ఉండి మన్ను పడ్తది. నేనైతె 90 నంబర్ గేర్ ఆయిలే వాడుత. 500 కిలోమీటర్లకోసారి, వానల తడిస్తె ఎంటనే. పెట్రోల్‌తోని కడగకుండ్రి తమ్మీ, ఓ-రింగ్ చైనైతె అండ్ల రబ్బరు ఖరాబైతది. గ్యాస్‌నూనె చాలు.

బండి గేర్‌ల పెట్టి గుడ్డతోని తుడిచేటోళ్లున్నరు. గుడ్డ చిక్కుకుంటె వేళ్లు తెగుతయి! ఇంజన్ బంద్ జేసి, డబల్ స్టాండ్ ఏసి, గిర్ర చేత్తోని తిప్పుకుంట చైను లోపలి దిక్కు చుక్కచుక్క పొయ్యుండ్రి. రాత్రి పోస్తె తెల్లారేసరికి ఇంకుతది. మిగిలింది తుడువుండ్రి, లేకుంటె టైరు మీద చిమ్మి బండి జారుతది.