పాడిపశువు మేత – ఇన్సులిన్ పని



తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలులో కూర్చున్నవారికి ఇరుప్రక్కల కృష్ణకాలువల క్రింది వరిచేలు కానవచ్చును. బాపట్ల సీమయు నట్టిదే. కావున మన పశువులకు వరిగడ్డియే ముఖ్యమైన మేత. అయినను, దాణా పెంచినంతనే పాలు పెరుగవలె నని మనము తలంతుము.

నేనును అట్లే తలచి, ఈనిన గేదెకు ఒక్కసారిగా నూకల జావను కుడితిలో మెండుగా పోసితిని. రెండు దినములలో అది మేత మానినది, నెమరు నిలిచినది, పాలు తగ్గినవి. దోషము నాదే. దాని కారణమును పిమ్మట తెలిసికొంటిని.

మనము తిన్న అన్నము కడుపులో చక్కెరగా మారి నెత్తురున చేరును. పశువునకు అట్లు గాదు. దాని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు మేతను పులియజేసి ఆమ్లములుగా మార్చును. గడ్డివలన ఎసిటిక్ ఆమ్లము హెచ్చుగా పుట్టును. పాలలోని వెన్నకు ఇది యాధారము. గింజలవలన ప్రొపియానిక్ ఆమ్లము హెచ్చును. దీనిని కాలేయము గ్లూకోజుగా చేయును. పాలలోని చక్కెర ఈ గ్లూకోజునుండియే పుట్టును.

ప్రొపియానిక్ ఆమ్లమును, గ్లూకోజును, మాంసకృత్తులనుండి వచ్చు కొన్ని అమైనో ఆమ్లములును క్లోమమును ప్రేరేపింపగా, అది ఇన్సులిన్‌ను నెత్తురులోనికి విడుచును. 1921లో కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు వెలికితీసినది ఇదియే. నెత్తురులోని పోషకములను కండకును కొవ్వునకును చేర్చుట దీని పని. పొదుగు మాత్రము ఇన్సులిన్ కొరకు వేచియుండక గ్లూకోజును గ్రహించును. ఈనిన క్రొత్తలో ఇన్సులిన్ తగ్గియుండును గాన, కండకు పోవలసినది పొదుగునకు మరలును. దూడ బ్రదుకుటకు ప్రకృతి చేసిన యేర్పాటిది.

ఆ దినములలో మేత చాలకున్నచో ఇన్సులిన్ మఱింత తగ్గి, ఒంటికొవ్వు మితిమీరి కరగి, కీటోసిస్ అను వ్యాధి కలుగవచ్చును. గింజలు ఒక్కసారిగా హెచ్చినచో, నా గేదెకువలె, పొట్ట పులిసి నెమరు చెడును. పాలు తగ్గిన కాలమున దాణా మెండైనచో ఇన్సులిన్ దానిని కొవ్వుగా నిలువచేయును. అట్లు బలిసిన పశువు ఈనిన పిమ్మట మేత తక్కువ తినును. కీటోసిస్ దానికే సులభముగా వచ్చును.

కావున గడ్డిని తగ్గింపకుడు. వరిగడ్డిలో మాంసకృత్తులు స్వల్పము గనుక పిల్లిపెసర వంటి పచ్చిమేతను చేర్చుడు. ఈనిన పిమ్మట తౌడు, తెలకపిండి గల దాణాను రెండు మూడు వారములలో కొంచెము కొంచెముగా పెంచుడు. ఒక్కమారు గాక దినమున రెండు మూడు మారులుగా పెట్టుడు. నెమరు నిలిచినచో ఆలస్యము చేయక పశువైద్యునకు చూపుడు. గంపెడు దాణా ఒక్కసారి పోసిన చేతికంటె, కొలతతో పోసిన చేతికే పాడి నిలుచును.