గలిలయకు ఎగువన ఎండిన చిత్తడి

రాత్రంతా శ్రమపడినా ఒక్క చేపా దొరకని పేతురు, ప్రభువు మాట విని మళ్లీ వల వేసింది గలిలయ సముద్రంలోనే. పేరుకు సముద్రమైనా అది మంచినీటి సరస్సు. హెర్మోను పర్వతం కింది ఊటల నీరు యొర్దాను నదిగా వచ్చి అందులో చేరుతుంది. ఒకప్పుడు ఆ నీరు నేరుగా వచ్చేది కాదు. దారిలో హులా లోయలో ఒక చిన్న సరస్సు, జమ్ము, పపైరస్‌ దట్టంగా పెరిగిన చిత్తడి నేల ఉండేవి. యెహోషువ గ్రంథంలోని మేరోము నీళ్లు ఇవేనని పూర్వం చాలామంది అనుకునేవారు.

ఆ చిత్తడి చేసే పని కంటికి కనిపించేది కాదు. ఎండిన జమ్ము నీటిలోనే పడేది. అడుగున గాలి ఆడదు కనుక పూర్తిగా కుళ్లేది కాదు. అలా వేల ఏళ్లపాటు పొర మీద పొర పేరుకుని నల్లటి మట్టి అయింది. మొక్కలు తీసుకున్న నత్రజని అందులోనే నిలువ ఉండిపోయింది.

1951లో ఇజ్రాయెల్‌ ఈ చిత్తడిని ఎండగట్టడం మొదలుపెట్టింది. కొత్త దేశానికి సాగుభూమి కావాలి, మలేరియా దోమల బెడద పోవాలి. 1958 నాటికి పని ముగిసింది. చాలామంది సంతోషించారు. తిండిగింజల కోసం పొలం కోరుకోవడం పాపమేమీ కాదు కదా!

అయితే నీరు పోగానే నేలలోకి గాలి చొరబడింది. పెంటపోగును తిరగేస్తే ఎరువు ఎంత త్వరగా మాగుతుందో రైతులకు తెలుసు. లోయంతా అదే జరిగింది. వేల ఏళ్ల నిలువను సూక్ష్మజీవులు కొద్ది కాలంలోనే కుళ్లబెట్టాయి. నత్రజని నైట్రేట్‌గా మారింది. అది నీటిలో ఇట్టే కరుగుతుంది. చలికాలపు వానలు దాన్ని యొర్దానులోకి, యొర్దాను గలిలయలోకి మోసుకుపోయాయి. చేనుకు బలమిచ్చే ఈ నైట్రేటే సరస్సులో మితిమీరితే నాచు పెరుగుతుంది. ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలకు ఊపిరాడదు. 1964 నుంచి దేశంలోని దూర ప్రాంతాలకు మంచినీళ్లు వెళ్లిందీ ఆ సరస్సు నుంచే!

పోనీ, పొలాలైనా బాగున్నాయా? నేల కుంగింది. ఎండిన మట్టి లోపల్లోపలే అంటుకుని మండింది. గాలి వీస్తే నల్లటి దుమ్ము లేచింది.

ఏదెను తోటను ఆదాముకు అప్పగించినప్పుడు దేవుడు సేద్యం చేయమని మాత్రమే చెప్పలేదు, కాపాడమని కూడా చెప్పాడు. ఏడో ఏట భూమికి విశ్రాంతి ఇవ్వాలన్న లేవీయకాండం 25వ అధ్యాయాన్ని నేను చాలాకాలం ఆచారంగానే చదివాను. హులా సంగతి తెలిశాక అందులో నేల గుణం ఎరిగిన రైతు మాట వినిపిస్తోంది.

1994లో ఆ లోయలో కొంత భాగాన్ని మళ్లీ నీటితో నింపారు. తడి చేరిన మేర మట్టి కుళ్లడం నెమ్మదించింది. ఏటా చలికాలంలో వేలాది కొంగలు అక్కడ దిగుతున్నాయి. అవి వేరుశనగ చేలమీద పడకుండా మొక్కజొన్న గింజలు వేసి మేపుతున్నారు. పొట్ట మీద తెల్లచుక్కలుండే హులా కప్ప అంతరించిపోయిందని 1996లో ప్రకటించారు. 2011లో ఆ చిత్తడిలో మిగిలిన కాస్త చోటే అది మళ్లీ కనిపించింది.