కెరటం విరగని చోటు

చేపలు పట్టాలంటే పడవ ఎక్కి నడిసముద్రానికి పోవాలా? అక్కర్లేదు. ఒడ్డున నిలబడి కూడా పట్టవచ్చు. తాతముత్తాతల నాటి నుంచి మత్స్యకారులు అలా పడుతూనే ఉన్నారు. అయితే దానికి నీళ్ళ సంగతి తెలియాలి. చేప ఎక్కడుందో తెలియాలి. ప్రమాదం ఎక్కడుందో కూడా తెలియాలి. చాలాసార్లు ఈ రెండూ ఒకేచోట ఉంటాయి. అదెలాగో చూద్దాం.

ఇసుక మీద వల

ఆంధ్రప్రదేశ్‌కు సుమారు వెయ్యి కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. తీరం అంతటా ఒకలాగ ఉండదు. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం దాకా చూడండి. అక్కడ తూర్పు కనుమల కొండలు సముద్రం దగ్గరకు వస్తాయి. అందుకే కొంతదూరం ఇసుక, ఆ పక్కన బండరాళ్ళు, మళ్ళీ ఇసుక.

ఇసుక ఉన్నచోట అలివి వల వేస్తారు. ఇది చాలా పొడుగు వల. పైన బెండ్లు, కింద బరువులు, నడుమ సంచి ఉంటాయి. వల తాడు ఒక కొస ఒడ్డున కొందరు పట్టుకుంటారు. పడవ మీద మిగతా వల తీసుకుపోయి, సముద్రంలో అర్ధచంద్రాకారంగా పరుస్తారు. రెండో కొస తెచ్చి, కొంచెం దూరంలో ఒడ్డుకు చేరుస్తారు. ఇక రెండు పక్కలా జనం నిలబడి లాగుతారు. ఇది ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. ఇరవై, ముప్పై మంది కావాలి. వల పెద్దదైతే ఇంకా ఎక్కువమంది పడతారు. వల ఒడ్డుకు వచ్చాక సంచిలో కవళ్ళు, నెత్తళ్ళు, సావళ్ళు ఉంటాయి. వాటిని ఏరి, బుట్టలకెత్తి, అమ్మేది, ఎండబెట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే.

రాళ్ళ మీద గాలం

రాళ్ళున్న చోట అలివి వల వేస్తే ఏమవుతుంది? రాళ్ళకు తగులుకుని చిరిగిపోతుంది. అందుకే అక్కడ గాలం వేస్తారు. తంగీసుకు గాలం, సీసం గుండు కట్టి, ఎర గుచ్చి విసురుతారు. ఎర ఎక్కడ దొరుకుతుంది? రొయ్య ముక్క అయినా సరే, ఇసుకలో దూరే చిన్న పీత అయినా సరే. రాళ్ళ సందుల్లో నాచు, పీతలు, చిన్న పురుగులు ఉంటాయి. వాటి కోసం చేపలు వస్తాయి.

సముద్రం రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఎక్కడాన్ని పోటు అంటారు. తగ్గడాన్ని పాటు అంటారు. అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువగా ఉంటుంది. పాటు వేళ రాళ్ళు బయటపడతాయి. అప్పుడు పీతలు, ఆల్చిప్పలు ఏరుకోవచ్చు. కానీ పోటు మొదలయ్యే లోపలే తిరిగి రావాలి. లేకపోతే వెనక దారి నీళ్ళలో మునిగిపోతుంది.

చేప ఎక్కడ ఉంటుంది?

కెరటాలు నీళ్ళను ఒడ్డుకు తెస్తాయి. ఆ నీళ్ళు మళ్ళీ సముద్రంలోకి పోవాలి కదా! ఒడ్డుకు కొంచెం దూరంలో నీళ్ళ కింద ఇసుక దిబ్బలు ఉంటాయి. దిబ్బకు ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి నీళ్ళు తిరిగి పోతాయి. రాళ్ళ పక్కన కూడా ఇలాంటి దారులు పడతాయి.

ఈ దారి చుట్టుపక్కల కన్నా లోతు. కెరటం కదిలించిన ఇసుకలోంచి లేచిన చిన్న ప్రాణులు ఈ నీళ్ళతో కొట్టుకొస్తాయి. వాటిని తినడానికి చేపలు అక్కడికి చేరతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఆ దారి అంచున గాలం వేస్తారు.

అక్కడే ప్రమాదం

లోతు ఎక్కువ కాబట్టి ఆ దారిలో కెరటం విరగదు. రెండు పక్కలా తెల్లని నురుగు ఉంటుంది. నడుమ మాత్రం నీళ్ళు ముదురు రంగులో, నెమ్మదిగా కనిపిస్తాయి. నురుగు, చెత్త ఒడ్డుకు రాకుండా సముద్రం వైపు పోతుంటాయి. తెలియనివాళ్ళు, "ఇక్కడ కెరటం లేదు, స్నానానికి బాగుంది" అనుకుంటారు. దిగుతారు. నీళ్ళు కాళ్ళ కింద నుంచి లోపలికి లాగేస్తాయి. విశాఖపట్నం తీరంలో ఇలా ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళలో ఈత వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

పొరపాటున చిక్కుకుంటే ఏం చేయాలి? ఒడ్డు వైపు నేరుగా ఈదకూడదు. ఆ నీటితో పోరాడితే బలం అయిపోతుంది. ఒడ్డుకు సమానంగా, పక్కకు ఈదాలి. దారి దాటాక కెరటాలతో పాటు ఒడ్డుకు రావాలి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ, చేయి ఎత్తి కేక వేయాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు తొందరపడి దిగకూడదు. తాడు గాని, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా గాని విసరాలి. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయిన సంఘటనలు చాలా ఉన్నాయి.

రాళ్ళ మీద కూడా జాగ్రత్త కావాలి. పాచి పట్టిన రాయి జారుతుంది. నాలుగు చిన్న కెరటాల తర్వాత ఒక పెద్ద కెరటం రావచ్చు. అందుకే ఎక్కే ముందు కాసేపు నిలబడి చూడాలి. తడిసిన రాయి దాకా కెరటం వస్తుందని గుర్తు. అక్కడ నిలబడకూడదు. సముద్రానికి వీపు తిప్పకూడదు. గాలం తాడు చేతికి చుట్టుకోకూడదు.

సముద్రం వెనక్కి పోతే

ఇంకొక గుర్తు అందరికీ తెలియాలి. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తీరంలో వందమందికి పైగా చనిపోయారు. సునామీ వచ్చే ముందు కొన్నిచోట్ల సముద్రం బాగా వెనక్కి పోతుంది. నేల బయటపడుతుంది. చేపలు నేల మీద కొట్టుకుంటాయి. చూస్తే ఊరికే దొరికిన చేపలనిపిస్తుంది. అటు పోకూడదు. బుట్ట వదిలేసి, పిల్లల్ని తీసుకుని, మెరక మీదికి పరుగెత్తాలి.

ఇప్పుడు హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. 2007 నుంచి అక్కడ సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. పెద్ద కెరటాలు వచ్చే రోజుల్లో కూడా ఆ సంస్థ ముందుగా చెబుతుంది. ఆ మాట రేడియోలో, పేపరులో, సెల్‌ఫోనులో వస్తుంది. తీరంలో చాలాచోట్ల "ఇక్కడ దిగరాదు" అని బోర్డులు ఉంటాయి.

వల లాగే మగవాళ్ళు తెల్లవారకముందే బయలుదేరతారు. వాళ్ళందరికీ చదువు రాకపోవచ్చు. ఫోనులో వచ్చిన నాలుగు మాటలు ఇంట్లో ఉన్న ఆడమనిషి చదివి చెబితే చాలు. ఆ రోజు వల వేయకపోతే ఒక రోజు కూలి పోతుంది. వేట రేపు మళ్ళీ ఉంటుంది. మనిషి ఇంటికి రావాలి.