పార్కు వస్తే పట్నం పెరుగుతుందా?

హైదరాబాద్ శివార్లలో సాగర్ రోడ్డు మీద తుర్కయాంజాల్ దాటిన దగ్గర్నుంచి ఇబ్రహీంపట్నం దాకా హోర్డింగులకు కొదవ లేదు. ఓఆర్‌ఆర్‌కు రెండు నిమిషాలు, టీసీఎస్‌కు ఐదు, ఫాక్స్‌కాన్‌కు పది, ఎయిర్‌పోర్టుకు ఇరవై. ఆ నిమిషాలు ఏ బండి మీద, ఏ అర్ధరాత్రి కొలిచారో గానీ, వాటి వెనకున్న నమ్మకం మాత్రం ఊరందరిదీ. పెద్ద పార్కు పడితే ప్రాంతం దశ తిరుగుతుంది, దాని వెంటే ఒక మాల్ వస్తే ఇక చూసుకోనక్కర్లేదు. ఇందులో కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంత, ఎవరి వాటా ఎంత అని తేల్చుకోవడానికి ఇబ్రహీంపట్నం మండలం కంటే మంచి చోటు దొరకదు. ఆదిబట్ల ఇక్కడిదే, కొంగరకలాన్ ఇక్కడిదే. ఆర్భాటంగా మొదలై అనుకున్నది కాకుండా పోయిన ఫ్యాబ్ సిటీ పొరుగునే ఉంది.

అపోహ: ఆదిబట్ల చుట్టుపక్కల ఉన్నవి పరిశోధన పార్కులు

వాస్తవం: ఉన్నవి చాలావరకు తయారీ కర్మాగారాలు, టీసీఎస్ సాఫ్ట్‌వేర్ సేవల క్యాంపస్. ఆదిబట్లలో టాటా సంస్థలు సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ల క్యాబిన్లు, లాక్‌హీడ్ మార్టిన్ సి-130జె రవాణా విమానాల తోక భాగాలు తయారుచేశాయి. 2018 మార్చి 1న ప్రారంభమైన టాటా-బోయింగ్ ప్లాంటు అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లాజ్‌లు కడుతోంది. కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ పని ఎయిర్‌పాడ్స్ బిగింపు. తక్కువ పనులేం కావు ఇవి, మిల్లీమీటరులో పిసరంత తేడా వచ్చినా పనికిరాని సరుకు. కానీ డిజైన్ ఎక్కడో జరుగుతుంది, ఇక్కడ తయారవుతుంది.

పరిశోధన పార్కు పనితీరు వేరు. చెన్నై తరమణిలో 2010లో మొదలైన ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్కులో చోటు తీసుకున్న కంపెనీ అద్దె కట్టి ఊరుకుంటే చాలదు. అధ్యాపకులతో ప్రాజెక్టులు చేయాలి, విద్యార్థులను పనిలోకి తీసుకోవాలి. అలా చేసినదానికి లెక్కగట్టి పాయింట్లు ఇస్తారు, ఆ పాయింట్లు సంపాదించుకుంటూ ఉండాలి. అంటే పార్కు గోడ, విద్యాసంస్థ గోడ ఒకదానిలోకి ఒకటి తెరుచుకోవాలన్నది అక్కడ నిబంధన. మన సాగర్ రోడ్డు మీద మంగల్‌పల్లి, శేరిగూడల నుంచి మొదలుపెడితే ఇంజినీరింగ్ కాలేజీలకు లెక్కే లేదు. వాటికీ పార్కులకూ ఉన్న ప్రధాన బంధుత్వం ప్లేస్‌మెంట్ సీజన్‌లో పరీక్ష పెట్టి పిల్లలను ఏరుకోవడం. కాలేజీలు ఇన్నున్నాయి కాబట్టి పరిశోధన తనంతట తానే పుడుతుందనుకోవడం, హాస్టళ్లు ఇన్నున్నాయి కాబట్టి ఊళ్లో అందరూ చదువుకుంటున్నారనుకోవడం లాంటిదే.

అపోహ: పార్కు పెడితే పరిశ్రమ పుడుతుంది

వాస్తవం: వరస తలకిందులైంది. హైదరాబాద్‌లో ముందు పరిశ్రమ, పనితనం వచ్చాయి. పార్కు వాటిని ఒకచోటికి చేర్చింది. 1961లో వచ్చిన రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్, 1968లో బాలానగర్‌లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, 1970 నాటి ఎంటార్ కంపెనీ, 1988లో ఇమారత్ కంచలో మొదలైన క్షిపణి పరిశోధనశాల ఆర్‌సీఐ... వీటి చుట్టూ లేత్ మిషన్ల షెడ్లలో, టూల్ రూముల్లో రెండు తరాల చేయి తిరిగింది. ఆ చేతులు లేకపోతే, 2008లో తెరుచుకున్న శంషాబాద్ విమానాశ్రయం దగ్గరున్నా, ఎస్-92 క్యాబిన్ ఆదిబట్ల దాకా వచ్చేది కాదని నా అనుమానం. మందుల పరిశ్రమదీ అదే కథ. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి డాక్టర్ రెడ్డీస్ పెట్టింది 1984లో. జీనోమ్ వ్యాలీ అన్న పార్కు పేరు అందరి నోళ్లలో పడింది ఆ తర్వాత పదిహేనేళ్లకు.

పార్కునే ముందు పెట్టిన చోటూ ఉంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కును మూడు విశ్వవిద్యాలయాల నడుమ 1959లో పెట్టారు. ఐబీఎం వస్తానన్నది 1965లో. అప్పటిదాకా ఎక్కువగా ఖాళీ స్థలాలు చూసుకుంటూ కూర్చున్నారు. మూడు విశ్వవిద్యాలయాలు ఉన్నచోటే పరిస్థితి అది.

అపోహ: శంకుస్థాపన నాడు చెప్పిన ఉద్యోగాల అంకె అసలు అంకె

వాస్తవం: 2023 మార్చిలో ఫాక్స్‌కాన్ ఛైర్మన్ హైదరాబాద్ వచ్చినప్పుడు లక్ష ఉద్యోగాలు అన్నారు. అదే ఏడాది మే 15న కొంగరకలాన్‌లో భూమిపూజ నాటికి తొలి దశలో 25,000 అన్నారు. రెండు మాటలకూ నడుమ రెండున్నర నెలలే. 2023 అక్టోబరులో కేన్స్ కంపెనీ రూ.2,800 కోట్లతో సెమీకండక్టర్ ప్యాకేజింగ్ యూనిట్‌ను ఇదే కొంగరకలాన్‌లో పెడతామంది. మరుసటి ఏడాది అది గుజరాత్‌లోని సాణంద్‌కు వెళ్లిపోయింది. ఊరు మొత్తం నష్టపోయిందా అంటే లేదు. అదే కంపెనీ ఎలక్ట్రానిక్స్ తయారీ యూనిట్ 2024 ఆగస్టులో కొంగరకలాన్‌లోనే మొదలైంది. ఇంకాస్త వెనక్కి వెళితే ఫ్యాబ్ సిటీ. 2006 ప్రాంతంలో సెమ్ఇండియా కంపెనీ పేరు రాని పేపరు లేదు. మూడు బిలియన్ డాలర్ల చిప్ ఫ్యాక్టరీ అన్నారు. చిప్ ఫ్యాక్టరీ రాలేదు, సోలార్ కంపెనీలు కొన్ని వచ్చాయి. ఈలోగా ఆ పేరు చెప్పి చుట్టుపక్కల ఎకరాలు మాత్రం ఎన్ని చేతులు మారాలో అన్ని చేతులూ మారాయి.

ప్రకటనలన్నీ అబద్ధాలని కాదు. ప్రకటన ఒక ఉద్దేశం, జీతం పడిన రోజే అది ఉద్యోగం. ఈ తేడా పెట్టుబడిదారుకు బాగా తెలుసు. పొలం బేరానికి పెట్టిన రైతుకు తెలియనివ్వరు.

అపోహ: ఒక్క ఐటీ ఉద్యోగం వస్తే ఊళ్లో ఐదుగురికి పని దొరుకుతుంది

వాస్తవం: ఈ ఐదు అన్న అంకె గాలిలోంచి పుట్టలేదు. ఎన్రికో మొరెట్టి అనే ఆర్థికవేత్త 2012లో రాసిన పుస్తకంలో, అమెరికా నగరాల్లో ఒక హైటెక్ ఉద్యోగం కాలక్రమంలో మరో ఐదు ఇతర ఉద్యోగాలను నిలబెడుతుందని లెక్కగట్టాడు. డాక్టరు, వడ్రంగి, వెయిటరు, టీచరు వగైరా. కానీ ఆ లెక్క మొత్తం నగరానికి. జీతం తీసుకున్నవాడు అదే నగరంలో కాపురముండి, అక్కడే ఖర్చుపెట్టాలి. హైదరాబాద్ మహానగరం మొత్తానికి ఆ లెక్క ఏదో మేరకు పొసగొచ్చు. ఇబ్రహీంపట్నం బజారుకు పొసగదు.

సాయంత్రం బొంగ్లూరు జంక్షన్‌లో కాసేపు నిలబడితే విషయం కళ్లకు కడుతుంది. కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి. కిటికీల అద్దాలు మూసి, పరదాలు లాగి, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో సగం మంది నిద్రలో ఉంటారు. బస్సులు ఎల్బీనగర్, వనస్థలిపురం, దిల్‌సుఖ్‌నగర్ వైపో, ఓఆర్‌ఆర్ ఎక్కి ఇంకో వైపో పోతాయి. కుడివైపుకు, అంటే ఇబ్రహీంపట్నం వైపుకు, తిరిగేవి అరుదు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం క్యాంపస్ లోపలే. అద్దె, పాలు, పిల్లల స్కూలు ఫీజు, ఆదివారం బిర్యానీ... అన్నీ వాళ్లు కాపురముండే చోట. ఊళ్లో మిగిలేది సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, డ్రైవింగ్, క్యాంటీన్ పనులు. అవి కూడా ఎక్కువగా ఏజెన్సీల కింద, కాంట్రాక్టు మీద.

ఇబ్రహీంపట్నానికి రోజువారీ డబ్బు తెచ్చేది మరెవరంటే, హాస్టల్ పిల్లలని నేనంటాను. నెలకు ఇంటి నుంచి వచ్చే నాలుగు డబ్బుల్లో వాళ్లు ఛాయ్, మిర్చి బజ్జీ, జిరాక్సు, రీఛార్జి, మంగలి షాపు అన్నీ ఇక్కడే తీర్చుకుంటారు. లక్ష జీతం తీసుకుని ఎల్బీనగర్‌లో ఖర్చుపెట్టే వ్యక్తి కంటే, మూడు వేలు ఇక్కడే ఖర్చుపెట్టే పిల్లాడు పట్నం బజారుకు పెద్ద గిరాకీ. మున్సిపాలిటీ ప్రగతి నివేదికల్లో ఈ పిల్లాడు కనపడడు.

అపోహ: అన్ని కంపెనీలుంటే మున్సిపాలిటీ పన్నులతో నిండిపోతుంది

వాస్తవం: కంపెనీ కట్టే పన్ను ఎక్కడికి పోతుందో చూడండి. ఆదాయపు పన్ను కేంద్రానికి. జీఎస్టీలో రాష్ట్రం వాటా సరుకు వాడిన రాష్ట్రానికి వెళుతుంది, విదేశాలకు పోయే ఎగుమతి మీద జీఎస్టీ భారమే ఉండదు. ఇలాంటి పార్కుల్లో కొన్ని ప్రత్యేక ఆర్థిక మండలాలు, అవి పుట్టిందే ఎగుమతుల కోసం. స్థానిక సంస్థకు నేరుగా దక్కేది ఆస్తిపన్ను. అందులోనూ ఒక మెలిక ఉంది. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ (అప్పట్లో ఏపీఐఐసీ, ఆ తర్వాత టీఎస్ఐఐసీ, ఇప్పుడు టీజీఐఐసీ) పార్కుల్లో ఐలా అనే స్థానిక అథారిటీ పన్ను వసూలు చేస్తుంది. 65 శాతం పార్కు లోపలి రోడ్లు, దీపాలు, నీటి కోసం తనే ఉంచుకుని, 35 శాతం పక్కనున్న పంచాయతీకో మున్సిపాలిటీకో ఇవ్వాలన్నది పద్ధతి. పార్కు లోపల రోడ్డు అద్దంలా ఉండి, గేటు దాటగానే గుంతలెందుకు మొదలవుతాయో ఈ ఒక్క లెక్కతో సగం అర్థమవుతుంది.

పైగా ఆదిబట్ల మొన్నటిదాకా వేరే మున్సిపాలిటీ. 2025 చివర్లో ఓఆర్‌ఆర్ చుట్టుపక్కల 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు ఆదిబట్ల కూడా అందులోకి వెళ్లింది. ఇబ్రహీంపట్నం బయటే ఉండిపోయింది. పొరుగున ఉన్న పార్కు పేరు చెప్పుకోవడానికి పనికొస్తుంది, చెత్తబండికి డీజిల్ పోయించదు.

అపోహ: తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లా రాష్ట్రంలోనే ముందుంది కాబట్టి ఇక్కడివాళ్లు ధనవంతులు

వాస్తవం: జిల్లా ముందున్న మాట నిజం. కానీ గచ్చిబౌలి, రాయదుర్గం, కోకాపేట కూడా ఈ జిల్లాలోవే. ఉత్పత్తి జరిగిన చోటుకు లెక్క పడుతుంది. మంచాల మండలంలో పత్తి వేసే రైతును, రాయదుర్గం టవర్లో కూర్చున్న బహుళజాతి కంపెనీని కలిపి భాగిస్తే వచ్చిన సగటు ఇద్దరిలో ఎవరిదీ కాదు.

అపోహ: మాల్ వస్తే ఊరు నగరమవుతుంది

వాస్తవం: మాల్ కొనుగోలు శక్తి వెంట నడుస్తుంది, ముందు నడవదు. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబరులో. మాదాపూర్‌లో ఇనార్బిట్ మాల్ తెరుచుకుంది 2009లో, పదకొండేళ్ల తర్వాత. కొండాపూర్‌లో శరత్ సిటీ క్యాపిటల్ మాల్ వచ్చేసరికి 2018. జీతాలు, అపార్టుమెంట్లు, కార్లు ముందు వచ్చాయి. ఈ వరస మార్చి ముందు మాల్ కడితే పై అంతస్తులు ఖాళీగా, కింద పార్కింగు నిండుగా ఉంటుంది. అదీ పక్కన ఫంక్షన్ హాలు ఉంటే.

మాల్ కిరాణా కొట్లను మింగేస్తుందన్నది దీనికి ఎదురు అపోహ. 2008లో ఇక్రియర్ సంస్థ దేశవ్యాప్తంగా చేసిన అధ్యయనంలో, పెద్ద రిటైల్ దుకాణాల దగ్గరున్న చిన్న వ్యాపారులకు మొదట్లో అమ్మకాలు, లాభాలు తగ్గాయనీ, కాలం గడిచేకొద్దీ ఆ దెబ్బ తగ్గుముఖం పట్టిందనీ తేలింది. ఆ పోటీ వల్ల మూతపడిన కొట్లు ఏడాదికి 1.7 శాతం. అప్పటికి ఫోన్ యాప్‌లో ఆర్డరిచ్చి ఇంటికి తెప్పించుకోవడం లేదు కాబట్టి ఈ అంకెను ఇవాళ్టికి యథాతథంగా అతికించలేం. కానీ కిరాణం ఎందుకు నిలబడుతుందో శేరిగూడ దగ్గర ఒక కొట్టాయన నాకు ఒక్క మాటలో చెప్పాడు. గల్లా పక్కన అట్ట చిరిగిన నోటుబుక్కు, దాని నిండా ఉద్దెర ఖాతాలు. "ఒకటో తారీకు పైసలు పట్కొని పెద్ద షాపుకు పోతరు సార్, ఇరవై తారీకు దాటినంక నా కాడికే వస్తరు" అన్నాడు. మరి ఆ పది రోజుల గిరాకీతో కడుపు నిండుతుందా అంటే నవ్వి, ఇంకొకరికి పొట్లం కట్టడంలో పడ్డాడు. కొట్టు మూతపడలేదు నిజమే. మంచి గిరాకీ పోయి, అప్పు గిరాకీ మిగిలింది. మూతపడిన కొట్లనే లెక్కపెట్టే అధ్యయనాలకు ఇది అందదు.

అపోహ: గజం ధర పెరిగితే ప్రాంతం పెరిగినట్టే

వాస్తవం: ధర పెరగడం వల్ల కొత్తగా ఏదీ ఉత్పత్తి కాదు, ఉన్న భూమి చేతులు మారుతుంది. రిజిస్ట్రేషన్ మీద కట్టే 7.5 శాతంలో స్థానిక సంస్థల పేరు మీద ఉన్నది 1.5 శాతం బదిలీ సుంకం. ప్లాటు కొన్నవాళ్లు నాలుగు రాళ్లు పాతి వెళ్లిపోతే దీపం వెలగదు, పాలు అమ్ముడుపోవు. ఫార్మా సిటీ పేరుతో భూసేకరణ జరిగిన యాచారం మండలం మేడిపల్లి, కుర్మిద్ద, నానక్‌నగర్, తాటిపర్తి రైతులను అడిగితే ధరల సంగతి ఇంకో రకంగా చెబుతారు. ఏళ్ల తరబడి ధర్నాలు, కోర్టులు.

లెక్కలోకి రాని ఖర్చు మరొకటి, నీళ్లు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిది. షాబాద్ మండలం చందన్‌వెల్లి దగ్గర ఈసా వాగు నుంచి ఫిరంగి నాలా దారిలో చెరువులను నింపుకుంటూ వచ్చి ఇందులో కలిసేది. అది నడిచే దారంతా ఇప్పుడు లేఔట్ల దారి. నాలా పూడ్చి వేసిన ప్లాటుకు కూడా గజం ధర పెరుగుతుంది. చెరువు కింద ఆరిపోయిన మడికి ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసూ లెక్క కట్టదు.

ఇక ప్రభుత్వం తలపెట్టిన ఫ్యూచర్ సిటీ. 2025 మార్చిలో ఏడు మండలాల్లోని 56 గ్రామాలతో దానికి అథారిటీ ఏర్పడింది. రావిర్యాల నుంచి ఆమనగల్లు దాకా 41.5 కిలోమీటర్ల కొత్త రోడ్డుకు అదే ఏడాది సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. ఆ రోడ్డు కొంగరకలాన్, మీర్‌ఖాన్‌పేట మీదుగా పోతుంది, పట్నం బజారును తాకదు. అందుకే ఇబ్రహీంపట్నం ఇప్పుడే అడిగి పెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: షిఫ్టు వేళలకు పార్కుల వైపు బస్సులు, ఆ ప్లాంట్లలో పనికొచ్చే ఐటీఐ కోర్సులు, కార్మికుల హాస్టళ్లు పార్కు గోడల లోపల కాకుండా ఊరి పక్కన, ఫిరంగి నాలాకు హద్దు రాళ్లు. వీటిలో ఏదీ హోర్డింగుకెక్కేది కాదు.