మెదక్‌కు సైకిలు యాత్ర - యాకోబు నేర్పిన పాఠం

కొన్నేళ్ల క్రితం వేసవి సెలవుల్లో మా సంఘ యౌవనస్థులు పది మంది నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, సైకిళ్ల మీద మెదక్ గుడికి వెళ్లొస్తాం, మీరూ రండి" అన్నారు. మాది విజయవాడకు దగ్గరలోని పల్లె. వారి ఉత్సాహం చూసి నేను వెంటనే సరే అన్నాను. తప్పు అక్కడే మొదలైంది.

ప్రార్థన, ఫోటోలు, వీడ్కోళ్లు ముగిసి బయలుదేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. బలమైన కుర్రవాళ్లు పందెంలా ముందుకు దూసుకుపోయారు. నేను మధ్యలో ఉన్నాను. అందరికంటే చిన్నవాడు, పదిహేనేళ్లవాడు, ఎక్కడో వెనుకబడ్డాడు. నందిగామ దాటిన తరువాత మిట్టమధ్యాహ్నం ఎండకు కళ్లు తిరిగి రోడ్డు ప్రక్కన పడిపోయాడు. ఒక లారీ డ్రైవరు ఆగి, అతని ముఖాన నీళ్లు చల్లి, ఆసుపత్రికి చేర్చాడు. మేము యాజకుని వలెను, లేవీయుని వలెను ముందుకు సాగిపోయాము. ఆ అన్యుడే మంచి సమరయుడయ్యాడు.

దేవుని కృపను బట్టి పిల్లవాడు సాయంత్రానికి కోలుకున్నాడు. అతని తల్లి నన్ను నిందించలేదు. ఒక్క మాట మాత్రం అడిగింది: "ముందు పోయినవాళ్లు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదా మాస్టారూ?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆదికాండము 33వ అధ్యాయం తెరచి చదివాను. ఏశావు తనతో కలిసి ప్రయాణం చేద్దామన్నప్పుడు యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు చిన్నవారనీ, పాలిచ్చే పశువులున్నాయనీ, ఒక్క దినం వడిగా తోలినా మంద చచ్చిపోతుందనీ చెప్పాడు. పిల్లలు నడవగలిగినంత మెల్లగానే వస్తానన్నాడు. దూర ప్రయాణానికి కావలసిన జ్ఞానమంతా ఆ మాటల్లో ఉంది. ఆ పాఠాన్ని ఆధారం చేసుకొని రెండవసారి కాగితం మీద లెక్క వేశాము. యాత్రకు సిద్ధపడే ఇతర సంఘాలకు ఉపయోగపడుతుందని ఆ లెక్కను ఇక్కడ వ్రాస్తున్నాను.

దినానికి ఎంత దూరం?

మామూలు సైకిలు గంటకు 12 నుండి 15 కిలోమీటర్లు పోతుంది. దినానికి ఐదారు గంటలకు మించి తొక్కకూడదు. అదీ గుంపులో బలమైనవాడు తొక్కగలిగినది కాదు, బలహీనుడు తొక్కగలిగినదే లెక్క. విజయవాడ నుండి మెదక్ సుమారు 370 కిలోమీటర్లు. దానిని ఆరు దినాలుగా విభజించాము.

సోమవారం జగ్గయ్యపేట, సుమారు 80 కిలోమీటర్లు. మంగళవారం కోదాడ మీదుగా సూర్యాపేట, 60. బుధవారం నకిరేకల్, నార్కట్‌పల్లి మీదుగా చౌటుప్పల్, 85. గురువారం హైదరాబాదు, 50. శుక్రవారం నగరం దాటి నర్సాపూర్, 50. శనివారం మెదక్, 45. ఆదివారం గుడిలో ఆరాధన. ఎక్కువ దూరం పోయిన మరునాడు తక్కువ దూరం పెట్టుకున్నాము. విజయవాడ దాదాపు సముద్ర మట్టానికి దగ్గరగా ఉంటే, హైదరాబాదు 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. దారి కొంచెం కొంచెంగా ఎక్కుతూనే ఉంటుంది గనుక, పోయేటప్పుడు అదనపు సమయం ఉంచుకోవాలి.

హైదరాబాదు చుట్టూ ఉన్న ఔటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గం మీదికి సైకిళ్లను రానివ్వరు. ప్రక్కనున్న సర్వీసు రోడ్డే మనది. రాత్రి బస చేసే ఊళ్లలోని సంఘ కాపరులకు రెండు వారాల ముందే కబురు పంపండి. వేళ కాని వేళ పది మందిమి వెళ్లి గుడి తలుపు తట్టడం అతిథి లక్షణం కాదు.

ఎప్పుడు బయలుదేరాలి?

నవంబరు చివరి నుండి జనవరి ఆరంభం వరకు అనుకూలమైన కాలం. అయితే సంక్రాంతికి ముందు, తరువాత కొన్ని దినాలు ఈ రహదారి కార్లతో, బస్సులతో కిక్కిరిసిపోతుంది. అప్పుడు ప్రయాణం వద్దు. క్రిస్మసు దినాన మెదక్‌లో జనసందోహం విపరీతం గనుక దానికి వారం ముందే చేరుకోవడం మంచిది.

వెలుతురు వచ్చాక బయలుదేరి, పదకొండు గంటలకల్లా ఆ దినపు దూరంలో ఎక్కువ భాగం ముగించాలి. డిసెంబరులో మంచు పట్టిన ఉదయం దారి కనిపించేవరకు ఆగండి. చీకటి పడ్డాక ఎంత కొద్ది దూరం మిగిలినా తొక్కవద్దు.

సైకిలును సిద్ధం చేయుట

పది దినాల ముందే బ్రేకు రబ్బర్లు, చైను, పుల్లలు, టైర్లు చూపించండి. అరిగిన టైరు ఉంటే మార్చండి. గుంపుకు ఒక సంచి ఉండాలి: గాలి పంపు, పంచరు సొల్యూషను, ప్యాచీలు, గరుకు కాగితం, రెండు ట్యూబులు, స్పానరు, కొంచెం చైను నూనె. పంచరు వేయడం కనీసం ముగ్గురికి రావాలి. సామాను వీపున మోయక వెనుక క్యారియరుకు కట్టండి. వెనుక ఎర్ర రిఫ్లెక్టరు, ఒంటిమీద లేత రంగు చొక్కా, తలకు హెల్మెట్ తప్పనిసరి.

రహదారి మీద

ఎడమ అంచున, ఒకరి వెనుక ఒకరు పోవాలి. ఇద్దరు ప్రక్కప్రక్కన ముచ్చట్లాడుతూ పోకూడదు. దగ్గర దారి అని ఎదురు దిక్కున అసలే పోవద్దు. పెద్ద లారీ దాటిపోయేటప్పుడు గాలి సైకిలును ఊపేస్తుంది. హ్యాండిలు గట్టిగా పట్టుకోండి. అత్యవసరమైతే 108 అంబులెన్సుకు గాని, జాతీయ రహదారుల సహాయ సంఖ్య 1033కు గాని ఫోను చేయవచ్చు. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్ ప్లాజాలను గుర్తుంచుకుంటే ఎక్కడున్నామో చెప్పడం తేలిక.

దాహం వేయకముందే కొంచెం కొంచెంగా నీళ్లు త్రాగాలి. ఓఆర్‌ఎస్ పొట్లాలు లేకపోతే, లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో కొలిచి కలపండి. అరటిపండ్లు, వేరుశనగ ఉండలు, ఉదయం ఇడ్లీ చాలు. బిర్యానీ తిని ఎండలో తొక్కితే కడుపే అడ్డుపడుతుంది.

గుడి మెట్ల దగ్గర

రెండవసారి మేము ఒక నియమం పెట్టుకున్నాము. మొదటిసారి పడిపోయిన పిల్లవాడే గుంపుకు ముందు నడిచాడు. అతని వేగమే అందరి వేగం. అందరికంటే బలమైనవాడు చివరన ఉండి కాపలా కాశాడు. దారి కాగితం, బస చేసే ఊళ్ల ఫోను నెంబర్లు ప్రతి ఇంటికీ ఇచ్చాము. ఆ తల్లి కాగితమంతా చదివించుకొని విని, "ఇప్పుడు పంపుతాను, ప్రార్థన కూడా చేస్తాను" అన్నది. ప్రతి సాయంత్రం బస చేరగానే ముందు ఆమెకే ఫోను చేశాము.

ఆరవ దినాన దూరం నుండి మెదక్ గుడి శిఖరం కనబడింది. 175 అడుగుల ఎత్తు. దొర చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో పని మొదలై, కరువు దినాల్లో ఎందరో బీదలకు కూలి, కూడు ఇచ్చి, పదేళ్లకు 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మందిరమది. ఆకలిగొన్నవారి చేతులతో లేచిన గుడికి వెనుకబడిన వానిని విడిచిపెట్టి వెళ్లడం తగదని అప్పుడు నాకు తోచింది.

అక్కడి పెద్దాయన ఒకరు, "ఎవరు ముందు చేరారు బాబూ?" అని అడిగారు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, "అందరం ఒకేసారి వచ్చామండి" అన్నారు.

ప్రియ పాఠకులారా, మన కుటుంబాలు, మన సంఘాలు కూడా దూర ప్రయాణంలోనే ఉన్నాయి. వెనుక ఎవరు మిగిలిపోయారో చూడటానికి నేడు ఒక్కసారి ఆగి తిరిగి చూద్దామా?