చిత్రమునకు చిరునామా

1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచివేసిన పిమ్మట తీసిన ఛాయాచిత్రములు నేటికిని అచ్చటచ్చట కానవచ్చుచుండును. కూలిన తాటిచెట్లు, కప్పు లేని గోడలు, పశువుల కళేబరములు, క్రింద 'దివిసీమ' అను ఒక్క మాట. సర్కారు లెక్క ప్రకారమే సుమారు 10,000 మందిని పొట్టనబెట్టుకొన్న ఉపద్రవమది. అట్టి చిత్రమును నేడు చేతబట్టిన వానికి, ఆ మొండిగోడ సొర్లగొందిదో, పాలకాయతిప్పదో, నాగాయలంకదో తెలియు మార్గము లేదు. చిత్రము మిగిలినది గాని దాని చిరునామా మిగులలేదు.

నేడు పొలముగట్టున నిలిచిన కౌలురైతు చేతిలోని ఫోను సైతము ఆ చిరునామాను తనంతట తానే వ్రాసికొనగలదు. ఆకాశమున తిరుగు ఉపగ్రహముల సంకేతములనందుకొని, తానున్న తావుయొక్క అక్షాంశ రేఖాంశములను గణించి, తేదీని, గంటను గూడ జేర్చి చిత్రపు ఫైలు లోపలనే భద్రపరచును. ఇట్లు భద్రపరచు పద్ధతిని 'ఎగ్జిఫ్' అందురు. జపాను దేశపు పరిశ్రమల సంఘమొకటి 1995లో దీనిని ఏర్పరచినది. అట్టి చిత్రమును అంతర్జాలమందలి దేశపటముపై నుంచినచో సరిగా ఆ తావుననే ఒక గుర్తు నిలుచును. గుర్తును వ్రేలితో తాకిన చిత్రము తెరచుకొనును. దూరమునుండి చూచునపుడు కృష్ణాజిల్లా యంతయు ఒక చుక్కగా, ఆ చుక్కమీద చిత్రముల సంఖ్యగా అగపడును. పటమును దగ్గరకు తెచ్చుకొన్నకొలది ఆ చుక్క బందరు, గుడివాడ, అవనిగడ్డలుగా విడిపోయి, తుదకు ఫలానా వీధి, ఫలానా కాలువ లాకు అనునంతవరకు వచ్చును.

ఊరికి అంకెలతో చిరునామా వ్రాయుట మన సీమకు క్రొత్త గాదు. క్రీ.శ. 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో నుండిన టాలెమీ తన భూగోళ గ్రంథమున మైసోలియా తీరమును, అందలి కొంటకొస్సిల అను రేవును అక్షాంశ రేఖాంశములతో గుర్తించెను. ఆ రేవు నేటి ఘంటసాలయే యని చరిత్రకారుల అభిప్రాయము. ఆయన చూపిన అక్షాంశము 12 డిగ్రీలకు లోపు. ఘంటసాల యున్నది 16 డిగ్రీలకు పైన. ఒక్క డిగ్రీ యనగా సుమారు 111 కిలోమీటర్లు గనుక, ఆ మహాపండితుడు మన రేవును 450 కిలోమీటర్లకు మించి దక్షిణమునకు జరిపినాడన్నమాట. ఓడవారి మాటలు విని లెక్క కట్టినవానిని తప్పుపట్టుట న్యాయము గాదు.

నేటి ఫోను ఆరుబయట నున్నపుడు కొలది మీటర్ల తేడాలో చోటు చెప్పును. అయినను మానవుని అజాగ్రత్తకు ఏ యంత్రమును మందు కానేరదు. బందరు అక్షాంశము సుమారు 16.19, రేఖాంశము సుమారు 81.14. ఈ రెంటిని తారుమారుగా ఎక్కించిన యెడల బందరు కోనేరు సెంటరు చిత్రము ఉత్తర ధ్రువసముద్రమున, స్పిట్స్‌బెర్గెను దీవికి ఆవల మంచుగడ్డలలో తేలును. రేఖాంశమునకు ముందు ఋణచిహ్నము పొరపాటున పడిన, కరిబియను సముద్రములో మునుగును. పటముపై నుంచినవాడు ఒక్కసారి తిరిగి చూచుకొన్నచో తీరు దోషమిది.

ఇది పొద్దుపోక చేయు వినోదమని మన రైతులు తలపోయరాదు. ఆంధ్రప్రదేశమున ఈ-పంట నమోదు జరుగునపుడు వ్యవసాయ సహాయకుడు పొలమునకు వచ్చి, స్థానసహితముగా ఫోటో తీసికొని ఎక్కించుచున్నాడు. ధాన్యము అమ్ముకొనుటకును, పంటనష్ట పరిహారమునకును, బీమాకును ఆ నమోదే ఆధారము. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినపుడును, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురము వైపున దాటినపుడును డెల్టాలోని వరి నేలకొరిగినది. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశము బారేజినుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు దూకినపుడు దివిసీమ లంకగ్రామములు మునిగినవి. ముంపు కొలదిదినములలో తీయును. నష్టము వ్రాయువారు వచ్చునప్పటికి చేను ఆరియుండవచ్చును. అప్పుడు 'మోకాటిలోతు నీరు నిలిచినది' అను రైతు మాటకును, 'నాకు కనబడలేదు' అను ఉద్యోగి మాటకును నడుమ తీర్పు చెప్పునదేది? తేదీయు, తావును తనలోనే గల చిత్రము. గుడివాడ ప్రాంతపు పల్లపుచేల రైతునకు దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు, చాలమంది ఎరుగరు. రైతు తన మునిగిన చేనిని ఫోటో తీసి వాట్సాప్‌లో మామూలు చిత్రముగా పంపినచో, ఆ సాధనము చిత్రమును కుదించుటయే గాక లోపలనున్న అక్షాంశ రేఖాంశములను గూడ తీసివేయును. అవతలివానికి చేరునది మరల చిరునామా లేని చిత్రమే! దానినే 'డాక్యుమెంటు'గా పంపినచో స్థానము చెక్కుచెదరక చేరును. అంతకుముందే ఫోనులోని క్యామెరాకు స్థానము వ్రాయు అనుమతి యిచ్చియుండవలెను. చిత్రము మీదనే అంకెలను, చిన్న పటమును ముద్రించు క్యామెరా యాపులు కొన్ని కలవు. కంటికి ఇంపుగానుండును గాని, మూలచిత్రమును దాచుకొనక ఆ ముద్రనే నమ్ముట మంచిదిగాదు. ముద్రను ఎవడైనను దిద్దవచ్చును.

స్థానము వ్రాసియుండుటచేతనే చిత్రము సత్యమగునా? కానేరదు. గ్రామీణ ఉపాధి పనులలో కూలీల హాజరును స్థానసహిత చిత్రములతో తీయుట 2023 జనవరి 1 నుండి తప్పనిసరి చేయబడెను. అయినను, మనుష్యులకు మారుగా పాత ఫోటోనే ఫోటో తీసి ఎక్కించుచున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయే రాష్ట్రములకు వ్రాయవలసివచ్చెను. లేని తావును ఉన్నట్లు ఫోనును నమ్మించు యాపులును కలవు. ఇట్టి మోసమును యంత్రముకంటె ఊరివారి కన్నే సులభముగా పట్టగలదు. కావుననే మా కోరిక యిది: నమోదైనవారి పేర్ల పట్టికను సచివాలయము గోడకు అంటించినంత మాత్రమున చాలదు. తుపాను పిమ్మట ప్రభుత్వమువారు తీసిన ప్రతి చేని చిత్రమును, రైతు పేరు ఫోను నంబరు మినహాయించి, సర్వే నంబరు తేదీలతో గ్రామపటముపై అందరును చూచునట్లు నిలుపవలెను. మునగని చేనికి పరిహారము వచ్చినను, మునిగిన చేనికి రాకపోయినను, ప్రక్క గట్టువాడే ఎత్తిచూపును.

సర్కారు పటమొక్కటే దిక్కని కూర్చుండుటయు తగదు. పరాయి కంపెనీల పటములను నమ్ముకొనుట అంతకంటె తగదు. 2005లో స్పెయిను దేశమున 'పనోరమియో' అను చిత్రపటము పుట్టినది. లోకములోని జనులు తమ ఊళ్ల చిత్రములను దానికెక్కించిరి. 2007లో గూగులు కంపెనీ దానిని కొన్నది. 2016 నవంబరులో మూసివేసినది. ఎందరో శ్రమించి పేర్చిన చిత్రములు పటమునుండి తొలగిపోయినవి. పెట్టినవాడు ప్రతి దాచుకొనియున్న సరే, లేకున్న లేదు. ఇంటిలోని దస్తావేజుకు నకలు వ్రాయించి దాచు వివేకము గల మన భూస్వాములు ఈ విషయమున మాత్రము ఇంత ఉదాసీనులగుట వింతగానున్నది.

ఎవరి సొత్తును గాక అందరి సొత్తుగా నున్న పటములు లేకపోలేదు. 2004లో ఇంగ్లండున మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపు అట్టిది. అందులో ప్రతి ఊరికి తెలుగు పేరు తెలుగు లిపిలో వ్రాయుటకు వేరుగ తావున్నది. అదే యేట మొదలైన వికీమీడియా కామన్సు చిత్రముల భాండారము. అందుంచిన స్థానసహిత చిత్రము పటముపై దానంతట అది నిలుచును, ఎవరైనను నకలు తీసికొనవచ్చును. బందరులోని డచ్చివారి సమాధులు, పెడన కలంకారీ అద్దకపు బల్లలు, శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు గుడి, ఘంటసాల స్తూపపు దిబ్బ, ఇవి మాత్రమే చాలవు. చిన్న లంకలు, కరకట్టలు, మురుగుకాలువల తూములు, పడవరేవులు, వీని పేర్లు ముసలివారి నోటనే యున్నవి. ఇంగ్లీషు అక్షరములలో ఎవడో పొరుగూరివాడు వ్రాసిన వికృతరూపమే రేపు ఖాయపడిన, మన పిల్లలు తమ లంకను తప్పుగా పలుకవలసివచ్చును. బందరు గుడివాడలలోని కళాశాలల విద్యార్థులు ఒక్కొక్క గ్రామమును పంచుకొన్న, ఒక్క వేసవిలో తీరు పని యిది.

అయితే అన్నిటికి తావు చెప్పరాదు. ఇంటిలోపలి చిత్రమును స్థానముతో పటముపై నుంచుట దొంగకు దారి చూపుటయే. మడ అడవులలోని బావురుపిల్లి, తీరపు ఇసుకలో గుడ్లుపెట్టు తాబేలు, వీని తావులు వేటగానికి తెలియరాదు. జీవజాలపు చిత్రములను చేర్చు 'ఐనాచురలిస్టు' అను పటమువారు అరుదైన ప్రాణుల తావును కావలెననియే మసకబరచి, సుమారు 20 కిలోమీటర్ల చదరములో ఎక్కడనో చూపుదురు. మన విద్యార్థులును ఆ మర్యాదను పాటింపవలెను.

ఇక నేల సంగతి. దివిసీమ దీవుల గట్లను నది కోయుచున్నది, సముద్రము ఇసుకను ఒకచోట మింగి వేరొకచోట కక్కుచున్నది. ఎదురుమొండి, నాచుగుంట వాసులకు ఇది నిత్యానుభవము. ఉపగ్రహము పైనుండి దీనిని చూచుచునేయున్నది. గాని గట్టున నిలిచి, ఏ చెట్టు పోయినది, ఏ బాట తెగినదని చూపునది మనిషి తీసిన చిత్రమే. ఏటేట మాఘ పౌర్ణమి నాడు హంసలదీవి సాగరసంగమమునకు వేలమంది స్నానమునకు వత్తురు. వారిలో ఒక్కడు ప్రతియేడును ఒకే అక్షాంశ రేఖాంశముల వద్ద, ఒకే దిక్కునకు మొగమై, ఒకే గంటకు ఒక చిత్రము తీసిన చాలును. గంట యేల యన, పౌర్ణమి నాటి పోటుపాట్ల వేళ ఏటేట ఇంచుమించు ఒక్కటే. పోటులో తీసిన ఒడ్డును పాటులో తీసిన ఒడ్డుతో పోల్చినచో, సముద్రము జరుగకయే జరిగినట్లు కనబడును.